ఈసీఈ అమ్మాయిని సాఫ్ట్‌వేర్ వైపు తిప్పెయ్యాలా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. వంశధార ఎడమ కాలువ శివారులో మూడెకరాలుంది. మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. మినీ ప్రాజెక్టుకి ‘వైర్‌లెస్ సిస్టమ్స్‌లో కోడ్ బ్లాకులకు రిసోర్స్ అలొకేషన్’ అని ఏదో తీసుకుంది. పై చదువు కూడా ఇందులోనే అంటోంది. తోటి పిల్లలంతా జావా కోర్సులకి వెళ్తున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది. దీనికి ఉద్యోగాలుంటాయా? సాఫ్ట్‌వేర్ వైపు తిప్పెయ్యమంటారా?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తిప్పొద్దండి. కనీసం ఈ వేసవి సెలవులు అయ్యేదాకా ఆగండి. పేరు చూసి కంగారుపడ్డారు గానీ, కాలువ కింద సేద్యం చేసే మీకు ఈ టాపిక్ నాకంటే బాగానే తలకెక్కుతుంది.

సెల్ టవర్‌కి ఉండే స్పెక్ట్రమ్, అంటే సిగ్నల్ పంపే రేడియో తరంగాల పరిధి, కాలువ నీళ్ళలాంటిదే, కొంతే ఉంటుంది. దాన్ని చిన్న చిన్న మడులుగా కడతారు. 4జీలో ఒక మడి 180 కిలోహెర్ట్జ్ వెడల్పు, అర మిల్లీసెకను పొడవు. రిసోర్స్ బ్లాక్ అంటారు. ఏ ఫోన్‌కి ఏ మడులన్నది టవర్ ప్రతి మిల్లీసెకనుకీ కొత్తగా తేల్చుకుంటుంది. సిగ్నల్ బాగున్నవాళ్ళకే ఇచ్చుకుంటూ పోతే మొత్తం మీద ఎక్కువ డేటా వెళ్తుంది, దూరంగా ఉన్నవాడు ఎండిపోతాడు. అందరికీ వరసగా వంతులేస్తే న్యాయంగానే కనిపిస్తుంది గానీ మొత్తం డేటా తగ్గిపోతుంది. ఈ రెండిటికీ మధ్య రాజీగా ‘ప్రపోర్షనల్ ఫెయిర్’ అనే లెక్క ఉంది. శివారు రైతుకి దీని గురించి ఇంకా చెప్పడమెందుకు! విజయనగరంలో సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర ఫోన్ కలవక తిట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. జనం పెరిగినంత వేగంగా మడులు పెరగవు మరి.

మీ అమ్మాయి పట్టుకున్నది దీనికి ఇంకో మెట్టు లోపల ఉంది. ఒక ఫోన్‌కి ఒక విడతలో వెళ్ళే డేటా పెద్దదైతే ముక్కలు చేస్తారు. అవే కోడ్ బ్లాకులు. 4జీలో ఒక ముక్క 6144 బిట్లు దాటకూడదు. అందులోనూ 24 బిట్లు తప్పుల్ని పట్టుకునే సీఆర్‌సీకే పోతాయి. 20,000 బిట్లు పంపాలనుకోండి. మూడు ముక్కల్లో పట్టవు, నాలుగు కావాలి. వాటిని మోసుకెళ్ళడానికి 7002 సింబళ్ళు (కొన్ని బిట్లని కలిపి మోసే చిన్న సిగ్నల్ యూనిట్లు) దొరికాయనుకుందాం. నాలుగుతో భాగిస్తే తలా 1750, పైన రెండు మిగిలాయి. సింబల్‌ని సగానికి కోసి పంచడానికి వీల్లేదు. అందుకని మొదటి రెండు ముక్కలకి 1750 చొప్పున, చివరి రెండింటికి 1751 చొప్పున ఇస్తారు. 4జీ ప్రమాణాల్లో రాసిపెట్టిన పద్ధతే ఇది. ఒక్కో సింబల్ ఆరు బిట్లు మోస్తే ఒక్కో ముక్కకి కనీసం 10,500 బిట్ల చోటు దక్కినట్టు. ముక్కలో ఉన్నవి అయిదు వేల పైచిలుకే. ఆ మిగులంతా దారిలో చెడకుండా చేసే రక్షణకి పోతుంది.

ఇంత కచ్చితంగా సమానం చెయ్యడం ఎందుకంటారా? పొలంలో నాలుగు మడుల్లో ఒకటి ఎండినా మిగతా మూడూ కోతకొస్తాయి. 4జీలో అలా కుదరదు, ఒక్క ముక్క చెడితే మొత్తం నాలుగూ మళ్ళీ పంపాలి. అందుకే ఏ ముక్కకీ రక్షణ తక్కువ కాకూడదు. 5జీ వచ్చాక ముక్క పరిమితి 8448 బిట్లకి పెరిగింది. ముక్కల్ని గుంపులు కట్టి, చెడిన గుంపునే తిరిగి పంపే వీలూ పెట్టారు. అయినా ప్రశ్న మిగిలే ఉంది: లెక్కలో సమానమే, కానీ ఒక ముక్క సిగ్నల్ బాగాలేని చోట పడితే అది సమానమేనా? తను ఈ ప్రశ్న దాకా వెళ్తే ఆ ప్రాజెక్టుకి విలువ ఉన్నట్టే.

ఇక ఉద్యోగాలు. ఉన్నాయి, కానీ మన జిల్లా కాలేజీలకొచ్చి బీటెక్ పిల్లల్ని ఈ పనికి తీసుకెళ్ళేవాళ్ళు అరుదు. క్వాల్‌కామ్, నోకియా, ఎరిక్సన్, శాంసంగ్, మన దేశానికి చెందిన తేజస్ నెట్‌వర్క్స్, ప్రభుత్వ సంస్థ సీ-డాట్ లాంటి చోట్ల ఉంటుంది ఈ పని. మోడెమ్ (ఫోన్‌లో సిగ్నల్‌ని పంపి, అందుకునే భాగం) లోపలి లెక్కలు చూసే బృందాల్లోకి వెళ్ళాలంటే ఎంటెక్ ఉంటే దారి సులువు. అంటే ఎంటెక్ ప్రవేశాలకి పెట్టే గేట్ పరీక్ష రాయాలి. మూడో సంవత్సరం వాళ్ళూ రాయొచ్చు, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. ఇంటికి వెంటనే జీతం కావాలంటే క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగంలో చేరి కూడా ఆ స్కోరు వాడుకోవచ్చు.

‘సాఫ్ట్‌వేరా, ఇదా’ అన్న ప్రశ్నే సగం తప్పు. మోడెమ్ పని చాలావరకు కోడ్ రాయడమే, సీ, సీ ప్లస్ ప్లస్‌లో. కాబట్టి జావా కోర్సుకి కట్టే డబ్బు దాచుకోండి. సీ, పైథాన్, ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా పట్టమనండి. రేపు మనసు మారినా ఇవేవీ వృథా కావు.

ఒక విషయం మాత్రం నిలదీసి అడగండి: ప్రాజెక్టు తనే చేస్తోందా, ఏదైనా ప్రాజెక్టు సెంటర్లో కొంటోందా? బంగారు అక్షరాల అట్ట వేసిన రిపోర్టు పట్టుకుని ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. సింబల్ అంటే ఏమిటని అడిగితే రిపోర్టు తిరగేశాడు. ఇంటర్వ్యూలో తిరగెయ్యడానికి రిపోర్టు ఉండదు కదా.

ఈ వేసవికి తనకి ఒక పని ఇవ్వండి. పైన చెప్పిన నాలుగు ముక్కల లెక్కని పైథాన్‌లో రాసి, నాయిస్ (సిగ్నల్‌ని చెడగొట్టే రొద) కలిపి, ఎన్నిసార్లు మళ్ళీ పంపాల్సొచ్చిందో చూడమనండి. తర్వాత కావాలనే ఒక ముక్కకి వెయ్యి సింబళ్ళే ఇచ్చి తేడాని గ్రాఫ్ గీయమనండి. మొబైల్ నెట్‌వర్కుల ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ పత్రాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, 4జీకి 36.212, 5జీకి 38.212. మొదట్లో పొడి ఇసుక నమిలినట్టుంటుంది, రెండు వారాలు ఓపిక పట్టాలి. విసుగొచ్చి వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ఎక్కడికీ పోదు. వదలకపోతే మాత్రం, గేట్ దరఖాస్తులు మామూలుగా ఆగస్టు చివర్లో మొదలవుతాయి, ఫీజు డబ్బులు సిద్ధంగా ఉంచుకోండి.