సలహాల పెట్టెలో ఎన్ని చీటీలు పడితే కొత్తదనం వచ్చినట్టు?

ప్రశ్న: మా పెదనాన్నగారి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో మేనేజరుగా చేస్తున్నాను. నిరుడు సలహాల పెట్టె పెట్టి చీటీకి 50 రూపాయలు ఇస్తామన్నాం. ఆరు నెలల్లో రెండొందలకు పైగా పడ్డాయి. ఇప్పుడు పెదనాన్న "ఇంత ఇచ్చాం కదరా, ప్లాంటులో కొత్తగా వచ్చిందేందో లెక్క చూపించు" అంటున్నారు. ఎలా కొలవాలి? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కోవూరు

జవాబు: మీ పెదనాన్నగారు అడగాల్సిందే అడిగారండీ. చీటీకి డబ్బులంటే చీటీలే పెరుగుతాయి, అందులో పనివాళ్ల తప్పేం లేదు. ఈ లెక్కల కోసం ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) దేశాలు 1992లో ఓస్లో మాన్యువల్ అని ఒకటి తెచ్చాయి, 2018లో నాలుగో కూర్పు వచ్చింది. కొత్త సరుకైతే వాడేవాళ్లకు అందాలి, కొత్త పద్ధతైతే పనిలో దిగాలి, అప్పుడే దాన్ని ఇన్నోవేషన్‌గా లెక్కేస్తారు. పెట్టెలో పడున్న చీటీ అందులోకి రాదు.

నేను షెడ్లలో తిరిగిన రోజుల్లో చూసింది చెప్తాను. ఒలిచిన రొయ్యలు పోసే చిల్లుల ట్రే కింద ఒకామె ఒక పక్క చిన్న చెక్కముక్క పెట్టింది. ట్రే వాలి, ఐసు నీళ్లు ఒక మూలకి జారిపోయేవి, తూకం దగ్గర నీళ్లు కారేదాకా ట్రే పట్టుకుని నిలబడే పని తప్పింది. పక్క టేబుల్ వాళ్లు చూసి వాళ్లూ పెట్టుకున్నారు, వారం తిరిగేసరికి షెడ్డంతా చెక్కముక్కలే. తినే సరుకు దగ్గర చెక్క ఉండకూడదని క్వాలిటీ వాళ్లు అంటే వాటి బదులు ప్లాస్టిక్ ముక్కలు కోయించారు. ఎవరూ చీటీ రాయలేదు, ఆ ఏడాది రిపోర్టులో ఆమె ఊసే లేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ షెడ్డులో ఆ ఏడాది నిజంగా మారింది అదొక్కటే.

అందుకని ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏం ప్రయత్నించాం, ఎవరు చెప్పారు, మూడు నెలల తర్వాత ఇంకా చేస్తున్నామా, చేయకపోతే ఎందుకు మానేశాం. పనికిరానివి కూడా రాయండి, లేకపోతే వచ్చే ఏడాది అదే మళ్లీ మొదలుపెడతారు. ఫలితానికి కొత్త కొలతలు వెతకక్కర్లేదు, మీ రిజిస్టర్లలోనే ఉన్నాయి: కిలో రొయ్యకి ఒలిచాక ఎంత దిగింది, టేబుల్ నుంచి ఐసులోకి పోవడానికి ఎన్ని నిమిషాలు, ఎంత సరుకు తిరిగొచ్చింది. మార్పు మొదలుపెట్టకముందే రెండు వారాల లెక్క రాసుకోవాలి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. 40 కౌంట్‌ను (కిలోకి 40 తూగే రొయ్యను) 40 కౌంట్‌తోనే పోల్చండి, చిన్న రొయ్యతో పోలిస్తే లెక్క తప్పుతుంది.

అమ్మకాల్లోనూ చూడొచ్చు. అమెరికాలో త్రీఎం కంపెనీ, అమ్మకాల్లో నాలుగో వంతు గత ఐదేళ్లలో తెచ్చిన సరుకు నుంచే రావాలని చాలాకాలం నియమం పెట్టుకుంది, తర్వాత దాన్ని నాలుగేళ్లకు 30 శాతం చేసింది. మీరైతే, మూడేళ్ల కిందట చేయని రకాల నుంచి ఇప్పుడు ఎంత వస్తోందో చూడండి. రొయ్యలన్నీ ఒకే దిమ్మగా గడ్డకట్టించి బ్లాకు కట్టేవాళ్లు విడివిడి రొయ్యగా గడ్డకట్టించడం మొదలుపెడితే అది కొత్తదే, కవరు రంగు మారిస్తే కాదు.

తొందరపడి మాత్రం తేల్చకండి. 2009లో మన దేశంలో వెనామీ రకం రొయ్యకు అనుమతిచ్చాక నెల్లూరు జిల్లాలో టైగర్ రొయ్య గుంటలు చాలావరకు దానికే మారాయి కదా. మొదట్లో దిగుబడులు చూసి మురిసిపోయిన రైతులే తర్వాత ఈహెచ్‌పీ (రొయ్య ఎదగకుండా చేసేది), వైట్ గట్ (పేగు తెల్లబడేది) లాంటి జబ్బులతో తిప్పలు పడ్డారు. ఒక్క పంట లెక్క చూసినవాళ్లకు ఇది తెలిసేది కాదు. పద్ధతులకు ఏడాది, కొత్త సరుకుకు రెండు మూడేళ్లు ఇవ్వండి.

చీటీకి 50 రూపాయలు మాత్రం ఈ నెలతో ఆపేయండి. పనిలోకి వచ్చి నిలిచినదానికి, అందరి ముందు పేరు పిలిచి ఇవ్వండి. పెదనాన్నగారికి చూపించాల్సింది ఒక్క కాగితం: ఏం మారింది, ముందెంత, ఇప్పుడెంత, చెప్పింది ఎవరు. ఆ రెండొందల చీటీలూ ఇంకా ఉంటే రేపే కూర్చుని చదవండి, తూకం దగ్గర, టేబుళ్ల దగ్గర నిలబడేవాళ్లు రాసినవి ముందు తీయండి.