పిల్లల ఛాతీ ఎక్స్‌రేల మోడల్ ఆరోగ్యంగా ఉన్న పిల్లల్నీ న్యుమోనియా అంటోందా? ముందు డేటా చూడండి

కాగుల్‌ అనే డేటా సైట్‌లో దొరికే పిల్లల ఎక్స్‌రేలతో రెస్‌నెట్ అనే బొమ్మల్ని గుర్తుపట్టే మోడల్‌ను ట్రైన్ చేస్తే వాలిడేషన్‌లో (ట్రైనింగ్ మధ్యలో సరిచూసుకోవడానికి పక్కన పెట్టిన ఫిల్ముల్లో) నూటికి నూరు వస్తోందని, టెస్టులో మాత్రం నార్మల్ పిల్లల్ని కూడా న్యుమోనియా అంటోందని రాశారు. మోడల్ మార్చి లాభం లేదండి.

ఆ డేటా చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకే ఆసుపత్రిది, 1 నుంచి 5 ఏళ్ల పిల్లలది. ట్రైన్ ఫోల్డర్‌లో 5,216 ఫిల్ములుంటే 3,875 న్యుమోనియావే, నార్మల్ 1,341. తక్కువున్న నార్మల్ కూడా సమానంగా లెక్కలోకి వచ్చేలా, లాస్‌లో (మోడల్ తప్పులకు వేసే లెక్కలో) నార్మల్‌కు 1.94, న్యుమోనియాకు 0.67 వెయిట్ ఇవ్వండి. వాలిడేషన్ ఫోల్డర్‌లో ఉన్నవి 16. ఒక్కటి తప్పితే 6 శాతం పోతుంది, దాన్ని చూసి ట్రైనింగ్ ఎక్కడ ఆపాలో ఎలా తేలుస్తారు? వాటిని ట్రైన్‌లో కలిపేసి, 15 శాతం కొత్తగా తీయండి. అదీ ఫిల్ముల లెక్కన కాదు, బిడ్డల లెక్కన. న్యుమోనియా ఫైలు పేర్లలో ‘పర్సన్’ పక్కనున్న నంబరే బిడ్డ గుర్తు, కొన్ని నంబర్లకు ఒకటికి మించి ఫిల్ములుంటాయి. అవి ట్రైన్‌లోనూ వాలిడేషన్‌లోనూ పడితే మోడల్ జబ్బును వదిలేసి ఆ బిడ్డ పక్కటెముకల్ని గుర్తుపడుతుంది. సైకిట్-లెర్న్ అనే పైథాన్ లైబ్రరీలోని గ్రూప్‌షఫుల్‌స్ప్లిట్ ఈ పని చేస్తుంది.

టెస్టులో 624కి 390 న్యుమోనియావి. అన్నిటినీ న్యుమోనియా అనేసినా 62.5 శాతం యాక్యురసీ వస్తుంది, కాబట్టి సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో ఎందరిని పట్టింది), స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో ఎందరిని నార్మల్ అంది) విడివిడిగా చూడండి.

చాలామంది పట్టించుకోనిది ఫిల్ము కొలత. ఇందులో నార్మల్ ఫిల్ములు ఎక్కువగా పెద్దవి, న్యుమోనియావి చిన్నవి, అడ్డంగా వెడల్పైనవి. అన్నిటినీ 224×224కి నొక్కేస్తే ఛాతీ సాగిన తీరే జవాబు చెప్పేస్తుంది. అనుమానముంటే ఎత్తు, వెడల్పు మాత్రమే ఇచ్చి లాజిస్టిక్ రిగ్రెషన్ అనే సాదా మోడల్ నడపండి. ఆ రెండు అంకెలతోనే బాగా చెబుతోందంటే లీకు అక్కడే ఉంది. నల్ల పట్టీలు అతికించి చతురస్రం చేసినా పట్టీ వెడల్పు మళ్లీ గుట్టు విప్పుతుంది. ఊపిరితిత్తుల మేరకు కత్తిరించి, ఆ తర్వాతే సైజు మార్చండి.

తర్వాత తప్పు చెప్పిన ఫిల్ములకు గ్రాడ్-క్యామ్ (మోడల్ ఎక్కడ చూసిందో ఎరుపు రంగులో చూపే పటం) వేసి ఒక్కొక్కటీ కళ్లారా చూడండి. ఆ ఎరుపు, మూలన కుడివైపుకు గుర్తుగా ఉండే ‘ఆర్’ అక్షరం మీదో, ఈసీజీ తీగ మీదో, బిడ్డను కదలకుండా పట్టుకున్నవారి వేళ్ల మీదో పడుతుంటే మోడల్ ఊపిరితిత్తులను చూడటం లేదు. ఎరుపు గుండె పక్కన, పైభాగంలో తెరచాపలా ఉన్న తెల్లటి నీడ మీద పడితే అది థైమస్ గ్రంథి కావచ్చు. రెండు మూడేళ్లలోపు పిల్లల్లో అది మామూలే. ఏడుస్తూ ఊపిరి వదిలినప్పుడు తీసిన ఫిల్ములోనూ ఊపిరితిత్తులు తెల్లగానే కనిపిస్తాయి. ఈ రెండు రకాలనూ పిల్లల రేడియాలజిస్టుతో గుర్తు పెట్టించి విడిగా లెక్కించండి. ఇక్కడి పొరపాటు ఒక పసిబిడ్డకు అక్కర్లేని యాంటీబయాటిక్ అవుతుంది.

ఆగ్మెంటేషన్‌లో (ఫిల్ముల్ని కొద్దిగా మార్చి ట్రైనింగ్‌కు వాడటంలో) 7 డిగ్రీల లోపు తిప్పడం చాలు. అద్దంలోలా ఎడమ కుడి తిప్పితే గుండె కుడివైపుకు పోతుంది, అది వద్దు. మీ ఊరి ఆసుపత్రి డైకామ్ ఫైళ్లు (ఎక్స్‌రేలు, స్కాన్లు దాచే ఫార్మాట్) వాడేటప్పుడు ఫొటోమెట్రిక్ ట్యాగ్ ‘మోనోక్రోమ్1’ అని ఉందేమో చూసుకోండి. ఉంటే పిక్సెళ్లను తిరగేయాలి, లేదంటే ఎముకలు నల్లగా, గాలి తెల్లగా మోడల్‌కు చేరతాయి.