డల్లాస్‌లో ‘మనవాళ్ళు’ ఉన్నారు, పంపొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి ఎమ్మెస్‌కి డల్లాస్ దగ్గర ఒక యూనివర్సిటీలో, మిషిగన్‌లో ఇంకోదాంట్లో సీటొచ్చింది. డల్లాస్‌లో మనవాళ్ళు ఎక్కువ, వాడి స్నేహితులూ అక్కడికే వెళ్తున్నారు. మావారేమో అక్కడైతే గుంపులోనే ఉండిపోతాడంటున్నారు. ఎక్కడికి పంపమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఏటా ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. జీఆర్‌ఈ, వీసా సంగతులు మీకు ఈపాటికి కంఠతా వచ్చేసుంటాయి, వదిలేద్దాం. మీ బెంగ ఊరి గురించి కాదు, పిల్లాడికి జ్వరమొస్తే గంజి కాచిచ్చేదెవరని. అందులో తప్పేం లేదు.

తనలాంటివాళ్ళ పక్కకి చేరడం ఎక్కడైనా ఉన్నదే. 1954లోనే లాజర్స్‌ఫెల్డ్, మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు దానికి ‘హోమోఫిలీ’ అని పేరు పెట్టారు. అందులో మనం కోరి చేసేది కొంతే. రోజూ ఎవరు ఎదురుపడితే వాళ్ళతోనే స్నేహం. మీవాడికి ఎవరు ఎదురుపడాలో ఇన్నాళ్ళూ తేల్చింది మీరే కదా! ఇంటర్ రెండేళ్ళూ హాస్టల్లో, చుట్టూ ఎంపీసీ పిల్లలే. తర్వాత సీఎస్‌ఈ. ఇప్పుడు డల్లాస్‌ని అంటే ఎలా? ఇంకోమాట, కోపం తెచ్చుకోకండి. ‘మనవాళ్ళు’ అంటే తెలుగువాళ్ళేనా? రూమ్మేట్ల ఇంటిపేర్లు ఆరాతీసే తల్లిదండ్రుల్ని నేను చాలామందిని చూశాను. దానికోసమైతే అంత అప్పుచేసి అంతదూరం పంపడం దేనికి?

నా అనుమానమల్లా ఎమ్మెస్ మీదే. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ, సైన్సు, ఇంజనీరింగు చదివినవాళ్ళకిచ్చే స్టెమ్ పొడిగింపు కలిపి మూడేళ్ళు. ఆలోగా ఉద్యోగ వీసా కోసం హెచ్-1బీ లాటరీ. ఆ మూడేళ్ళలో ఉద్యోగం కబురు ఎటునుంచి వస్తుందన్నదే ప్రాణం. ఆమధ్య ఒకబ్బాయి తనదీ, తన ఫ్లాట్‌లోవాళ్ళదీ రెజ్యూమెలు పంపాడు. ఫ్రిజ్ మీద వంట వంతుల కాగితం అంటించుకుని నలుగురూ కలిసుంటారట. నాలుగు రెజ్యూమెల్లోనూ అదే ప్రాజెక్టు, అవే వాక్యాలు. ఒకరికి తెలియని ఖాళీ ఇంకొకరికి తెలిస్తేగా! చివరికి అతనికి ఇంటర్వ్యూ పిలుపు లైబ్రరీ కౌంటర్లో తనతో పార్ట్‌టైమ్ చేసిన వియత్నాం అమ్మాయి చెప్పిన కబురుతో వచ్చింది. ఇది కొత్త విషయమేం కాదు. బోస్టన్ పక్కన న్యూటన్‌లో తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగాలు దొరికినవాళ్ళని గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అడిగి, 1973లో రాశాడు: తరచూ కలిసేవాళ్ళు చెప్పగా దొరికింది నూటికి 17 మందికే.

పోలిక అడిగారు కదా. మిషిగన్‌లో మాత్రం తెలుగువాళ్ళు లేరా? ట్రాయ్, నోవై, క్యాంటన్ వెళ్ళి చూడండి. రెండు ఫీజుల కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, అప్పు తక్కువయ్యేచోటికి పంపండి. రూమ్మేట్లు తెలుగువాళ్ళే అయినా ఫరవాలేదు, క్యాంపస్‌లో మాత్రం ఏదో ఒక పార్ట్‌టైమ్ పని చూసుకోమనండి. గంజి కాచేవాళ్ళు రెండుచోట్లా దొరుకుతారు.