'ఉత్పన్నం కాదండి' అనిపించుకోకు

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య దీవెనలు.

ఎమ్మెల్యేగా ప్రమాణ స్వీకారం అయింది, దండలూ శాలువాలూ అయ్యాయి. ఇక అసెంబ్లీ సమావేశాలకు ప్రశ్నలు పంపాలి గదా, ఆ ప్రశ్న రాయడం గురించే చెబుతా. ప్రసంగాల సంగతి తర్వాత చూద్దాం. 175 మంది ఉన్న సభలో కొత్తవాళ్ళకు మైకు దొరకడమే గగనం. ప్రశ్న అలా కాదు, నువ్వు నోరు విప్పకపోయినా శాఖ చేత కాగితం కదిలిస్తుంది.

ప్రశ్నకు ఒక వరస ఉంది. "ఫలానాది జరిగిన మాట వాస్తవమేనా" అని మొదటి భాగం. "అయినట్లయితే వివరాలేమిటి" అని రెండోది. "ఎప్పటిలోగా పూర్తిచేస్తారు" అని మూడోది. గండం మొదటి భాగంలోనే ఉంటుంది. అక్కడ "లేదండి" అనడానికి సందు దొరికిందా, మిగతా రెండింటికీ "ఉత్పన్నం కాదండి", అంటే ఆ ప్రశ్నే తలెత్తదని రాసి చేతులు దులుపుకుంటారు. "మా మండలంలో రైతులు సాగునీరు లేక అల్లాడుతున్న మాట వాస్తవమేనా" అని రాశావనుకో, అల్లాడటానికి ఏ రిజిస్టరులోనూ లెక్క ఉండదు. "లేదండి" అనడం అర నిమిషం పని. రికార్డులో ఉన్నదాన్ని పట్టుకుని అడగాలి.

అందుకని కలం పట్టేముందు చెరువు దగ్గరికి వెళ్ళు. కట్ట మీద కారులో కూర్చోకుండా తూము దాకా దిగు. షట్టరు తుప్పు పట్టి దిగడం లేదా, కడ్డీ వంగిందా, గోతాల్లో మట్టి నింపి అడ్డం పెట్టారా, కలుజు (మిగులు నీరు పొర్లిపోయే చోటు) కింద గోడ కోసుకుపోయిందా, అన్నీ చూసి రాసుకో. ఆయకట్టు ఎన్ని ఎకరాలో అడుగు. 100 ఎకరాల లోపు చెరువులను ఒకప్పుడు పంచాయతీరాజ్ వాళ్ళు చూసేవాళ్ళు, పెద్దవి ఇరిగేషన్ వాళ్ళవి. ఇప్పుడు ఎవరి పద్దులో ఉందో కనుక్కోకుండా రాస్తే ప్రశ్న వేరే శాఖకు పోయి, తిరిగొచ్చేలోగా సమావేశాలు అయిపోతాయి.

తర్వాత ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గర కూర్చో. అంచనా వేశారా? ఎంతకు? ఏ తేదీన డీఈఈకి పంపారు? అక్కడి నుంచి ఈఈ, ఎస్ఈ, చీఫ్ ఇంజినీరు, ఆపైన సచివాలయం... ఈ మెట్లలో ఫైలు ఎక్కడ కూర్చుంది? ఫైలు నంబరుతో సహా తీసుకో. ఇప్పుడు రాయి: "ఫలానా చెరువు తూము మరమ్మతుకు ఇన్ని లక్షల అంచనా ఫలానా తేదీన పై కార్యాలయానికి అందిన మాట వాస్తవమేనా, పాలనాపరమైన అనుమతి ఏ స్థాయిలో ఆగింది, ఎందుకు?" దీనికి "అవునండి" తప్ప వేరే జవాబు లేదు. గోతాల సంగతి మాత్రం ప్రశ్నలో రాయకు. మంత్రి జవాబు చెప్పాక సభలో అక్కడికక్కడే అడిగే అనుబంధ ప్రశ్నకు దాన్ని దాచుకో. మంత్రిగారి చేతిలో కాగితమే ఉంటుంది, నీ చేతిలో ఫోటో ఉంటుంది.

ఒక ప్రశ్నలో ఒకే విషయం. చెరువూ, రోడ్డూ, ఆసుపత్రీ కలిపి రాస్తే మొత్తానికే కొట్టేస్తారు. అంకెలు కావాలంటే నక్షత్రం లేని ప్రశ్న వెయ్యి, రాతపూర్వకంగా వస్తాయి. మాట ఇప్పించుకోవాలంటే నక్షత్ర ప్రశ్న, దానికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. జిల్లా అధికారి చేతిలో తేలే పనైతే సభ దాకా మోయకు, జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశంలో నీకూ కుర్చీ ఉంది, అక్కడే అడుగు.

మన పడమటి మండలాలకు వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు ఉండనే ఉంది. 1996లో శంకుస్థాపన జరిగిన నాటి నుంచీ "ఎప్పటికి పూర్తవుతుంది" అనే అడుగుతున్నారు, ప్రతిసారీ ఒక కొత్త తేదీ చెబుతున్నారు. నువ్వు దాన్ని ముక్కలు చేసి అడుగు. రెండో సొరంగంలో లైనింగ్ ఎన్ని మీటర్లు మిగిలింది, ఫీడరు కాలువ పని ఎంతయింది, సుంకేసుల, కలనూతల, గుండంచర్ల లాంటి ముంపు ఊళ్ళలో పరిహారం అందని కుటుంబాలు ఎన్ని. ముక్కకో ప్రశ్న.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ గురించైతే "నీళ్ళు విషం" అనొద్దు. ఏ బోరు, ఏ తేదీన నమూనా తీశారు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు తేలింది, అదీ రాయి. తాగునీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు గనుక రిపోర్టే నీ తరఫున మాట్లాడుతుంది.

పొగాకు వేలం ధర పడిపోయిందని రైతులు నీ ఇంటిముందు కూర్చుంటారు. అయితే పొగాకు బోర్డు కేంద్రం చేతిలోది. దాని మీద ఇక్కడ వేసే ప్రశ్న నిలవదు, ఆ కాగితం ఎంపీ చేత పంపించు. నడికుడి–శ్రీకాళహస్తి రైలు పట్టాలూ అంతే. కానీ ఆ లైనుకు భూసేకరణ చేసింది మన రెవెన్యూ వాళ్ళు, ఆ పరిహారం గురించి నిక్షేపంగా అడగొచ్చు.

ఇంకో చిక్కు, ధాన్యం కొలిచే పుట్టి. నెల్లూరు రైతు పుట్టి అంటే 850 కిలోలు. వేరే జిల్లా సభ్యుడికి పుట్టి అంటే ఇంకో లెక్క, శాఖకేమో క్వింటాలే తెలుసు. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకు రూ.2,369, అంటే పుట్టికి రూ.20,136 పైచిలుకు. రైతు చెప్పిన పుట్టి ధరను 8.5తో భాగించి క్వింటాలులో రాయి, పక్కన పుట్టి కూడా వెయ్యి.

సభ్యులు అప్పటికప్పుడు సమస్యలు లేవనెత్తే జీరో అవర్‌ను నమ్ముకోకు. టీవీలో కనపడతావు, మంత్రి నోట్ చేసుకున్నామంటారు, అంతటితో సరి. ప్రశ్నకు "చేస్తాం" అని మంత్రి నోట వస్తే మాత్రం ఆ రోజు కార్యకలాపాల ప్రతి తీసుకుని, ఆ వాక్యం కింద గీత గీసి, సభలో మంత్రులిచ్చిన మాటలు అమలయ్యాయో లేదో చూసే ప్రభుత్వ హామీల కమిటీకి పంపు. దీన్ని చాలామంది మర్చిపోతారు. సొంత పార్టీ మంత్రిని ఇరుకున పెట్టినట్టవుతుందని మొహమాటపడకు, ముందురోజు మంత్రి పేషీకి ఫోన్ చేసి చెబితే సరిపోతుంది.

ఆ చెరువు కొలతలు తీసుకున్నాక మొదటి ప్రశ్న చిత్తుప్రతి నాకు పంపు. ఎర్ర సిరాతో దిద్ది పంపిస్తా, బాధపడొద్దు.

ఇట్లు,
మామయ్య