టీకా వేసుకున్న వారానికి చేయి ఎర్రబడితే ఇన్ఫెక్షనేనా?

టీకా రోజు ఏమీ లేదు, వారం తర్వాత సూది గుచ్చిన చోట అరచేయంత ఎర్రటి మచ్చ లేచి దురద పెడుతోంది, ఇన్ఫెక్షనా అని అడిగారు. చాలావరకు కాదు. ఇది ఆలస్యంగా వచ్చే స్పందన. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు ఆ చోటికి చేరి పని మొదలుపెట్టడానికి రోజులు పడుతుంది. 2021లో మోడెర్నా కోవిడ్ టీకా తీసుకున్న కొందరికి ఎనిమిదో రోజు ప్రాంతంలో సరిగ్గా ఇలాగే వచ్చింది. దానికి 'కోవిడ్ ఆర్మ్' అని పేరు కూడా పడింది. చల్లటి గుడ్డ వేసి, అవసరమైతే దురద తగ్గే మాత్ర వాడితే సాధారణంగా వారంలో పోతుంది. ఇన్ఫెక్షన్ అనుకుని అనవసరంగా యాంటీబయాటిక్ మింగేవాళ్లను చూస్తే బాధేస్తుంది. జ్వరం, చీము, రోజురోజుకూ పెరిగే నొప్పి ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాలి.

పిల్లలకి తట్టు టీకా వేశాక 7 నుంచి 12 రోజుల్లో ఒంటిమీద సన్నటి ఎర్రటి దద్దు రావచ్చు. బలహీనపరిచిన వైరస్ కాస్త పెరగడమే కారణం, టెన్షన్ వద్దు.

అసలు భయపడాల్సినవి వేరు, అవి చాలా అరుదు. టీకా వేసిన నిమిషాల్లో దద్దుర్లతోపాటు పెదవులు వాచి ఊపిరాడకపోతే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ, క్షణం ఆగకూడదు. నోట్లో, కళ్లలో పుండ్లు పడి చర్మం ఊడుతుంటే అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి. చేతిమీద మచ్చ ఒక్కటే వస్తే మాత్రం తర్వాతి డోసు మానక్కర్లేదు, రెండో చేతికి వేయించుకోవచ్చు.