నిద్రకి ఒత్తు దిద్దారు, నిద్ర సంగతి అడగలేదు

ప్రశ్న: నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని. వయసు 71. మాది తణుకు దగ్గర పల్లెటూరు. కొడుకూ కోడలూ మస్కట్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. మనవణ్ణి ఈ జూన్‌లో విజయవాడ దగ్గర హాస్టల్ ఉన్న స్కూల్లో ఆరో తరగతిలో వేశారు. ఫోన్ ఆదివారం పది నిమిషాలే ఇస్తారు, అది వాళ్ళమ్మతో మాట్లాడటానికే సరిపోతుంది. అందుకని నేను వారానికో ఉత్తరం రాస్తున్నాను. ఇంగ్లండులో హక్స్‌లీ అనే శాస్త్రవేత్త తన మనవడికి ఉత్తరం రాశాడనీ, ఆ మనవడు ప్రపంచమంతా చెప్పుకునేంత వాడయ్యాడనీ ఎక్కడో చదివాను. నేనూ ప్రతి ఉత్తరంలో ఒక పద్యం, ఒక నీతి, రోజువారీ టైంటేబుల్ రాస్తాను. వాడు మొదట్లో మూడు ఉత్తరాలు రాశాడు. ఆగస్టులో వచ్చిన మూడోదాంట్లో పద్నాలుగు తప్పులు! ‘రాత్రిళ్ళు నిధ్ర పట్టటం లేదు తాతయ్యా, నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు ఏం చేసేవాడివి’ అని రాశాడు, నిద్రకి ధ పెట్టి. ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపాను. అప్పట్నుంచీ ఒక్క ముక్క రాయలేదు. మూడు నెలలైంది. ‘మామయ్యగారూ, ఇక రాయకండి, వాడు చిన్నబుచ్చుకుంటున్నాడు’ అంటోంది కోడలు. పదేళ్ళ వయసులో భీమవరం హాస్టల్లో ఉండి చదువుకున్నవాణ్ణి, పిల్లల సంగతి నాకు తెలియదా? ఈ కాలం పిల్లలకి ఉత్తరాలు పనికిరావా?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ ‘నిధ్ర’ వాక్యం దగ్గరే ఆగిపోయాను. పదకొండేళ్ళ పిల్లవాడు రాత్రి నిద్ర పట్టటం లేదని రాశాడు. ఆ మాట వార్డెన్‌కి చెప్పుకున్నాడో లేదో తెలియదు, అమ్మకి ఆ పది నిమిషాల్లో చెప్పాడో లేదో తెలియదు. మీకు మాత్రం చెప్పాడు. పైగా మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్నకి మూడు నెలలుగా జవాబు లేదు. వాడు రాయటం మానేశాడని మీరు బాధపడుతున్నారు గానీ, నాకు మాత్రం జవాబు బాకీ మీ వైపే ఉందనిపిస్తోంది.

హక్స్‌లీ పేరు మీరే ఎత్తారు కాబట్టి, ఆయన అసలేం చేశాడో కాస్త వివరంగా చెప్పనివ్వండి. మీకూ మీ మనవడికీ పనికొచ్చేది అక్కడే ఉంది.

థామస్ హెన్రీ హక్స్‌లీ డార్విన్ తరఫున వాదించిన మహా పండితుడు. ఆయన మనవడు జూలియన్ 1887లో పుట్టాడు. ఆ పిల్లవాడు చార్లెస్ కింగ్స్‌లీ రాసిన ‘వాటర్ బేబీస్’ అనే కథ, నీళ్ళలో బతికే నీటిపాపల కథ, చూశాడు. 1885 ముద్రణలో లిన్లీ సాంబోర్న్ వేసిన బొమ్మ ఒకటుంది: హక్స్‌లీ, రిచర్డ్ ఓవెన్ అనే మరో శాస్త్రవేత్త కలిసి సీసాలో ఉన్న నీటిపాపను పరీక్షిస్తుంటారు. నాలుగేళ్ళ పిల్లవాడికి అదంతా నిజమే కదా. వెంటనే తాతకి ఉత్తరం రాశాడు. నీటిపాపని చూశారా? సీసాలో పెట్టారా? బయటికి రాగలనా అని అది అనుకుందా? నేనూ ఒకరోజు చూడొచ్చా? అంతే ఆ ఉత్తరం, అన్నీ ప్రశ్నలే.

1892 మార్చి 24న తాత జవాబు రాశాడు. అప్పటికి ఆయనకి 66 ఏళ్ళు. ‘నీటిపాపలు ఉండవు నాయనా, అది కట్టుకథ’ అనేస్తే ఒక్క ముక్కతో పోయేది. ఆయన అలా అనలేదు. ఆ నీటిపాప సంగతి నాకెప్పుడూ సరిగ్గా తేలలేదు అని మొదలుపెట్టాడు. నీళ్ళలో పాపల్ని చూశాను, సీసాల్లో పాపల్ని చూశాను, కానీ నీళ్ళలోది సీసాలో లేదు, సీసాలోది నీళ్ళలో లేదు అన్నాడు. ఒకే వస్తువులో కొందరికి ఎంతో కనిపిస్తుంది, కొందరికి కొంచెమే కనిపిస్తుంది, నువ్వు పెద్దయ్యాక ఎంతో చూసేవాళ్ళలో ఒకడివవుతావు అని రాశాడు. ‘అగ్నాస్టిక్’, అంటే దేవుడున్నాడో లేడో తెలియదనేవాడు, అనే మాటని 1869లో పుట్టించిన మనిషి ఆయన. తెలిసిందాన్నీ తెలియనిదాన్నీ కలపకూడదన్న పట్టుదల గలవాడు. ఆ నిజాయితీని నాలుగేళ్ళవాడి దగ్గర కూడా వదల్లేదు. అబద్ధం చెప్పలేదు, పిల్లవాడి ఆశా తుంచలేదు.

ఇంకొకటి చూడండి. ‘ఆ కథ రాసిన నా స్నేహితుడు చాలా దయగల మనిషి’ అని రాశాడు హక్స్‌లీ అందులో. హక్స్‌లీ పెద్దకొడుకు నోయెల్ 1860 సెప్టెంబరులో స్కార్లెట్ జ్వరంతో పోయాడు. వాడికి నాలుగేళ్ళు కూడా నిండలేదు. అప్పుడు హక్స్‌లీని ఓదారుస్తూ ఉత్తరం రాసినవాడు ఈ కింగ్స్‌లీనే. మత విశ్వాసంలో ఇద్దరివీ వేర్వేరు దారులు. అయినా ఆ ఉత్తరానికి హక్స్‌లీ మనసు విప్పి ఎంతో పెద్ద జవాబు రాసుకున్నాడు. ముప్ఫై రెండేళ్ళ తర్వాత, పోయిన కొడుకు ఈడే ఉన్న మనవడికి ఆ స్నేహితుడి గురించి ‘దయగల మనిషి’ అని రాస్తున్నప్పుడు ఆయనకి ఏం గుర్తొచ్చి ఉంటుందో నేను ఊహించగలను. ఉత్తరంలో మాత్రం ఆ బరువు ఎక్కడా కనపడదు. పిల్లవాడు మోయగలిగినంతే రాశాడు.

ఆ జూలియన్ జీవశాస్త్రవేత్త అయ్యాడు, 1946లో యునెస్కోకి మొదటి డైరెక్టర్ జనరల్ అయ్యాడు. నిజమే. కానీ ఆ ఉత్తరం వల్లే అయ్యాడని నేను నమ్మను, మీరూ నమ్మొద్దు. ఆ ఫలితం కోసం రాసిన ఉత్తరమైతే అందులో టైంటేబుల్ ఉండేది. ఇదే జూలియన్‌ని ఒకసారి తడిసిన గడ్డిలోకి వెళ్ళొద్దని తాత చెబితే, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ నడుచుకుంటూ వెళ్ళాడట. ‘వీడు నాకు నచ్చాడు, ముఖంలోకి సూటిగా చూసి మరీ మాట వినడు’ అని మురిసిపోయాడు ఆ పెద్దాయన. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని దారిలో పెట్టిన మీకు ఇది కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు.

1840లో, పంపేవాళ్ళే ఒక పెన్నీ ముందుగా కట్టే పెన్నీ తపాలా రాకముందు, ఇంగ్లండులో ఉత్తరం ఖర్చు ఎక్కువగా అందుకున్నవాళ్ళే కట్టుకునేవారు. మీ ఎర్ర సిరా ఉత్తరానికి ఖర్చు మీ మనవడు కట్టుకున్నాడు. చాలా హాస్టళ్ళలో వార్డెన్ అందరిముందూ పేరు పిలిచి ఉత్తరం ఇస్తారు. వాడు పరిగెత్తుకెళ్ళి విప్పి ఉంటాడు. పక్కమంచం వాళ్ళు భుజం మీంచి తొంగిచూసి ఉంటారు. లోపల తాను రాసిందే, పద్నాలుగు ఎర్ర గుర్తులతో. ఆ తర్వాత వాడు పెన్ను పట్టుకోలేదంటే నాకు ఆశ్చర్యం లేదు.

మీ కోడలు వాడి బాధ కనిపెట్టింది, అందులో ఆవిడ మాట నిజం. ఉత్తరాలు మానేయమన్నచోట మాత్రం నేను ఒప్పుకోను. ఇప్పుడు మానేస్తే, తప్పులు రాశాను కాబట్టి తాతయ్య వదిలేశాడని వాడనుకుంటాడు. రాయండి. పద్యం వద్దు, నీతి వద్దు, ‘బాగా చదువుకో’ కూడా ఈసారికి వద్దు. ‘నువ్వడిగిందానికి జవాబు చెప్పకుండా తప్పులు దిద్దాను, అది నా పొరపాటు’ అని మొదటి వాక్యమే రాయండి. మనవడి ముందు ఆ మాట అంటే మీ పెద్దరికం ఎక్కడికీ పోదు. అక్షరాలు విడివిడిగా, పెద్దగా రాయండి. గొలుసుకట్టు రాత చదవటం పిల్లలకి కష్టం. మీ అడ్రసు రాసిన ఇన్‌లాండ్ కవర్లు నాలుగు ఇచ్చి, ఎప్పుడు రాయాలనిపిస్తే అప్పుడే రాయమనండి. వాడు రాసినవి ఎన్ని తప్పులున్నా దిద్దకండి. తెలుగు తర్వాత నేర్పుకోవచ్చు.

ఇక నిద్ర సంగతి. దీన్ని ఉత్తరంతో సరిపెట్టకండి. ఈరోజే కొడుక్కీ కోడలికీ చెప్పండి. మీరు స్వయంగా వెళ్ళి, వార్డెన్‌తో విడిగా, వాడితో విడిగా మాట్లాడండి. తిండి తగ్గిందా, కడుపునొప్పి అంటున్నాడా, ఎవరైనా భయపెడుతున్నారా, కొడుతున్నారా, నెమ్మదిగా కనుక్కోండి. అలాంటిదేదైనా ఉంటే సెలవుల దాకా ఆగకుండా ఇంటికి తీసుకొచ్చేయండి, డాక్టరుకి చూపించండి. వాడి మాట స్కూలు వాళ్ళు పట్టించుకోకపోతే 1098 పిల్లల హెల్ప్‌లైన్ ఉంది. కొత్త చోటు బెంగే అయితే, మీరు పక్కన కూర్చున్న రెండు గంటలే సగం మందు.

వెళ్ళేటప్పుడు ఉత్తరం రాసుకుని వెళ్ళి, మీ చేత్తోనే ఇచ్చి రండి. నేనున్నానన్న ధైర్యం మీరు వచ్చేశాక కూడా దిండు కింద ఉంటుంది. పదేళ్ళ వయసులో భీమవరం హాస్టల్లో ఉన్నానని నాకు రాశారు. మొదటి రాత్రి లైట్లు ఆర్పాక ఏం చేశారో, ఏడ్చారో, దుప్పటి ముసుగేసుకుని ఎవర్ని తలుచుకున్నారో నాకు రాయలేదు. అది వాడికి రాయండి.