మచ్చ చూడాలంటే మేజోళ్ళు విప్పించాలి

చర్మ క్యాన్సర్ విభాగాల్లో పనిచేసే నర్సులకు ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్న సీనియర్ నర్సు ఈ శీర్షికలో పాఠకుల సందేహాలకు జవాబులిస్తారు.

ప్రశ్న: జనరల్ సర్జరీ వార్డులో చాలాకాలం పనిచేశాను. ఈమధ్య చర్మ క్యాన్సర్ విభాగానికి మార్చారు. డ్రెస్సింగులు, కుట్లు నాకు కొత్త కాదు. కానీ రోగి చేయి చాపి, "సిస్టర్, ఈ మచ్చ మంచిదేనా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదు. ఆన్‌లైన్‌లో బోలెడు కోర్సులు కనిపిస్తున్నాయి. ఏ సర్టిఫికెట్ తీసుకుంటే మంచిదంటారు?
- ఒక స్టాఫ్ నర్సు

జవాబు: సర్టిఫికెట్ గురించి తర్వాత చెబుతాను. ముందు ఆ రోగి సంగతి చూద్దాం. చేయి చాపారన్నారు. మీరు చేయి మాత్రమే చూసి వదిలేశారా, మేజోళ్ళు కూడా విప్పించారా?

మచ్చను ఎప్పుడు అనుమానించాలో చెప్పే ఏ, బీ, సీ, డీ, ఈ సూత్రం మీరు ఈపాటికి వినే ఉంటారు. మచ్చలో రెండు సగాలు ఒకేలా లేకపోవడం, అంచులు చెదిరి ఉండడం, రంగులు కలగాపులగంగా ఉండడం, 6 మిల్లీమీటర్లు మించి ఉండడం, మార్పు కనబడడం. మొదటి నాలుగూ 1985లో న్యూయార్క్ వైద్యులు కూర్చినవి. ఐదోది 2004లో చేరింది. నన్నడిగితే ఆలస్యంగా వచ్చిన ఆ ఐదోదే నర్సుకు అన్నిటికన్నా పనికొచ్చేది. మచ్చ మారిందో లేదో చెప్పగలిగేది రోగి, ఇంట్లోవాళ్ళు. ఆ మాట రాబట్టాల్సింది మీరు. "ఎప్పటి నుంచి ఉంది?" అంటే "చాలా కాలం నుంచి" అంటారు. మీరు కేస్ షీటులో అదే రాస్తారు, అక్కడితో సరి. "పాత ఫొటోల్లో ఇలాగే ఉందా?" అని అడిగి చూడండి. వెంటనే ఫోను తీసి వెదకడం మొదలుపెడతారు.

ఈ సూత్రానికి లొంగని మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్, కూడా ఉంది. గుండ్రంగా, ఒకే రంగులో, ఒక్కోసారి నలుపన్నదే లేకుండా గులాబీ రంగు కురుపులా కనిపిస్తుంది. పైకి ఉబ్బి, గట్టిగా ఉండి, కొన్ని వారాలుగా పెరుగుతూనే ఉందంటే అంచులు ఎంత చక్కగా ఉన్నా డాక్టరుకు చూపించాల్సిందే.

ఇక మేజోళ్ళ సంగతి. పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా తెల్లటి చర్మం మీదివే. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో మెలనోమా అరుదే గానీ, వచ్చినప్పుడు అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళ కింద రావడం ఎక్కువ. ఎండ తగలని చోటు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. గాయకుడు బాబ్ మార్లీ 1981లో 36 ఏళ్ళకే చనిపోయింది కాలి బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమాతోనే. అందుకే వేళ్ళ సందులు కూడా చూడండి. గోళ్ళ రంగు వేసుకొని ఉంటే తుడిపించండి. ముదురు రంగు చర్మంలో చాలా గోళ్ళ మీద సన్నటి నల్లచారలు ఉండడం మామూలే. ఒకే ఒక్క గోరు మీద చార వెడల్పవుతూ, ఆ నలుపు గోటి పక్కనున్న చర్మానికి కూడా పాకితే మాత్రం ఆ రోజే చెప్పాలి. "దెబ్బ తగిలిందండీ" అంటారు చాలామంది. దెబ్బకు గడ్డకట్టిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాలి గోరు అందులో సగం కూడా పెరగదు. ఫొటో తీసి పెట్టుకుంటే పోల్చి చూడడం తేలిక. అయితే అనుమానం గట్టిగా ఉన్నప్పుడు గోరు పెరిగేదాకా ఆగకండి.

రోగికి ఏం చెప్పాలన్నారు కదా. "ఏమీ కాదులెండి" అని ఎప్పుడూ అనకండి. ఆ మాట పట్టుకొని రెండేళ్ళు ఆస్పత్రి మొహం చూడనివాళ్ళు ఉంటారు. "క్యాన్సర్‌లా ఉంది" అనడమూ మన పని కాదు. "చూపించి మంచిపని చేశారు. ఇది డాక్టరు గారు చూడాల్సిన మచ్చే, నేను రాసి పెడుతున్నాను" అంటే చాలు. అన్నాక నిజంగానే రాయాలి.

రాయడమంటే ఎలా రాయాలో చెబుతాను. "ఎడమ కాలి మీద నల్లమచ్చ" అని రాశారనుకోండి. బయాప్సీకి ముక్క తీసిన గాయం మాని, రిపోర్టు వచ్చి, అసలు ఆపరేషనుకు పిలిచేనాటికి ఆ కాలి మీద అలాంటివి నాలుగు కనిపిస్తాయి. ఏది కోయాలో రోగికీ గుర్తుండదు. వీపు మీద మచ్చయితే అసలు చూసుకొనే ఉండరు. "ఎడమ పిక్క వెనుక, మోకాలి మడతకు 8 సెంటీమీటర్ల కింద, 7 × 5 మిల్లీమీటర్లు, గోధుమ రంగులో నల్లచుక్క, పై అంచు చెదిరి ఉంది" అని రాయండి. పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఒక ఫొటో, మోకాలు కూడా కనిపించేలా దూరం నుంచి మరొకటి, రోగి అనుమతితో. దూరపు ఫొటో లేకపోతే దగ్గరి ఫొటో ఉన్నా లేనట్టే.

పాథాలజీ రిపోర్టు చదవడం డాక్టర్ల పని అనుకునే నర్సులంటే నాకు కొంచెం కోపం. మెలనోమా రిపోర్టులో ముందు చూడాల్సింది బ్రెస్లో మందం. గడ్డ చర్మంలోకి ఎంత లోతు దిగిందో మిల్లీమీటర్లలో చెప్పే కొలత అది. తర్వాత చూడాల్సింది పైన పుండు పడిందా లేదా అన్నది. "మచ్చ తీసేశారుగా, మళ్ళీ ఆపరేషన్ ఎందుకు?" అని రోగి అడిగేది మిమ్మల్నే. 1 మిల్లీమీటరు లోపు మందమైతే చుట్టూ 1 సెంటీమీటరు, 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్లు మంచి చర్మం కూడా తీస్తారు. ఈ సంగతి తెలిస్తే స్కేలు పట్టుకొని చూపించి మరీ చెప్పగలరు. మందం 1 మిల్లీమీటరు దాటితే సాధారణంగా దగ్గరి లింఫు గ్రంథిని పరీక్షించే మాట కూడా వస్తుంది. బేసల్ సెల్ అనే మరో రకం చర్మ క్యాన్సరైతే ఒంట్లో వేరేచోటికి పాకడం చాలా అరుదు. ఆ రోగి భయం తీర్చేటప్పుడు మెలనోమా లెక్కలు కలపకండి.

ఇప్పుడు సర్టిఫికెట్. కోర్సు వాళ్ళను రెండే ప్రశ్నలు అడగండి. ముదురు రంగు చర్మం ఫొటోలు ఎన్ని చూపిస్తారు? నేను చూసి రాసినదాన్ని పక్కన కూర్చొని దిద్దేవాళ్ళు ఉన్నారా? రెండోదానికి నీళ్ళు నమిలితే ఆ కోర్సు ఖాళీ ఉన్నప్పుడు వినడానికి పనికొస్తుంది, అంతే. దిద్దేవాళ్ళు లేకుండా మచ్చలు చూడడం నేర్చుకోవడం గట్టు మీద కూర్చొని ఈత నేర్చుకోవడమే. మీ విభాగంలోని చర్మవైద్యుణ్ణి ఓపీలో వారానికి ఒక పూట వెనకాల నిలబడనివ్వమని అడగండి. ఆయన నోరు విప్పకముందే మీరేమనుకుంటున్నారో ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత పోల్చుకోండి. మీ పరిధిలో ఏవేం చేయవచ్చో మాత్రం మీ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లోనే చూసుకోవాలి. కోర్సు చేసినంత మాత్రాన బయాప్సీ చేసే హక్కు రాదు.

ప్రశ్న: డెర్మోస్కోప్ సొంతంగా కొనుక్కుంటే తొందరగా నేర్చుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. అది మచ్చను దాదాపు 10 రెట్లు పెద్దదిగా, పై పొర మెరుపు లేకుండా చూపిస్తుంది. చూసినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలిసినవాళ్ళ చేతిలోనే దాని వల్ల నిర్ధారణ మెరుగవుతుంది. తెలియకపోతే తప్పుడు ధైర్యం మిగులుతుంది. అంతర్జాతీయ చర్మ చిత్రాల సహకార సంస్థ (ISIC) వారి మచ్చల ఫొటోల భండారం ఒకటి అందరికీ ఉచితంగా తెరిచి ఉంది. ముందు అందులోని బొమ్మలతో కుస్తీ పట్టండి.

ప్రశ్న: మా విభాగంలో ఇమ్యునోథెరపీ తీసుకుంటున్న రోగుల ఫోన్లు నర్సులే ఎత్తాలి. "విరేచనాలవుతున్నాయి" అని చేస్తే ఓఆర్ఎస్ తాగమని చెబుతున్నాం. సరిపోతుందా?

జవాబు: సరిపోదు, ఇది ఆలస్యం చేయకుండా మార్చుకోవాల్సిన పద్ధతి. ఈ ఇమ్యునోథెరపీ మందుల్లో ఇపిలిముమాబ్ 2011లో, పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ 2014లో అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి కీమో మందుల్లాంటివి కావు. రోగనిరోధక శక్తికి ఉన్న కళ్ళెం వదిలేస్తాయి. అది క్యాన్సర్ మీదికే కాకుండా పేగు, ఊపిరితిత్తులు, కాలేయం, థైరాయిడ్, అరుదుగా గుండె మీదికి కూడా వెళుతుంది. చివరి డోసు తర్వాత నెలలు గడిచాక కూడా మొదలుకావచ్చు.

ఫోనులో మొదట అడగాల్సింది మామూలుగా రోజుకు ఎన్నిసార్లు వెళతారని. దాని మీద 4 కన్నా తక్కువ పెరిగితే తీవ్రతలో మొదటి మెట్టు. 4 నుంచి 6 పెరిగితే రెండోది, ఆ రోజే డాక్టరుకు తెలియాలి. 7, అంతకు మించి పెరిగితే ఆస్పత్రికి రావాలి. రక్తం, జ్వరం, కడుపునొప్పి ఉంటే అంకెలతో నిమిత్తం లేకుండా వెంటనే రమ్మనండి. ఇంట్లో విరేచనాలు కట్టే మాత్ర వేసుకున్నారేమో కూడా అడగండి. అది పేగు వాపును కప్పిపెట్టవచ్చు. కొత్తగా ఆయాసం, ఛాతీ నొప్పి, కనురెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, తగ్గని తలనొప్పి... ఇవేవీ మరునాటికి వాయిదా వేయకూడదు. ఈ ఇబ్బందులు తగ్గడానికి స్టెరాయిడ్ మొదలుపెట్టినవాళ్ళు కాస్త తగ్గగానే తామే ఆపేస్తుంటారు. వారాల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ రావాలని ప్రతి ఫోనులోనూ చెప్పండి.

మెలనోమాకు వాడే మరో రకం మందులు డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ కలిపి వాడేవాళ్ళ కథ వేరు. వాళ్ళకు జ్వరం మందు వల్లే రావచ్చు. ఇన్‌ఫెక్షన్ కాదని తేల్చుకోవడం, మందు ఆపాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయించాలి. అందుకే ఫోను పక్కన పెట్టుకునే కాగితం మీద రోగి ఏ మందు మీద ఉన్నారన్న ప్రశ్న పేరు కన్నా ముందు ఉండాలి. వేరే ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళితే అక్కడివాళ్ళు కీమో అనుకోకుండా, మందు పేరు, మీ ఫోను నంబరు ఉన్న కార్డు రోగి జేబులో పెట్టించండి.